టేబుల్ లైటుకు ప్రాణమెక్కడిది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఒక పాఠకురాలికి జవాబు రాస్తూ, పిల్లలతో కలిసి చూడదగ్గవి కంప్యూటర్ మీద చేసిన పొట్టి యానిమేషన్ సినిమాలని రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల శీర్షిక అంతా దానికే. కొత్తగా చదివేవారి కోసం ఒక మాట: హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో పదకొండేళ్లు లైటింగ్ పని చేశాను. బొమ్మల మీద వెలుగు ఎటునుంచి పడాలి, నీడ ఎంత ముదురుగా ఉండాలి అని చూసే పని అది. ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. సాయంత్రాలు ఇంట్లోనే పిల్లలకు యానిమేషన్ నేర్పుతున్నాను.

ప్రశ్న: అక్కా, మా బాబుకు తొమ్మిదేళ్లు. సముద్రం ఒడ్డున నీళ్లంటే భయపడే ఒక పిల్ల పిట్ట సినిమా వాళ్ల బాబాయి ఫోన్‌లో చూపించాడు. ఆరు నిమిషాలే. మాటల్లేవు. వాడు రోజుకు నాలుగుసార్లు చూస్తున్నాడు. కోప్పడదామని పక్కన కూర్చున్న నేనూ చూశాను, తెల్లారి మళ్లీ చూశాను. మూడు గంటల సినిమాలో దొరకనిది అందులో ఏముంది?
— ఎస్., మిర్యాలగూడ

జవాబు: చెల్లీ, మీరు చెప్పింది 'పైపర్'. 2016లో అమెరికాలోని పిక్సార్ అనే యానిమేషన్ స్టూడియో వాళ్లు తీశారు, దర్శకుడు ఆలన్ బరిల్లారో. మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చింది. తడి ఇసుక, పిట్ట ఈకలు, నీటి బుడగలు చూసి అందరూ 'అబ్బ, నిజంలాగే ఉంది' అంటారు. నిజమే, ఆ పనితనం గొప్పది. కానీ మీ బాబు రోజుకు నాలుగుసార్లు చూసేది ఇసుక కోసం కాదని నా నమ్మకం.

ఈసారి వాడి పక్కన కూర్చున్నప్పుడు, పిట్ట పరుగెత్తే చోట కాకుండా ఆగే చోట చూడండి. అల వెనక్కి పోతుంది. పిల్ల పిట్ట అడుగు వేయబోయి ఆగుతుంది. పోవాలా వద్దా అని దాని ఒళ్లంతా తనను తాను అడుగుతుంటుంది. రెప్పపాటే ఆ ఆగడం. ఆ రెప్పపాటులో పిట్ట ఆలోచన మనకు కనిపిస్తుంది. కదిలే బొమ్మలు చాలా ఉన్నాయి, ఆలోచించే బొమ్మను చూసినప్పుడే మనం కళ్లు తిప్పుకోలేం.

ఈ సంగతి నాకు నేర్పింది రెండు నిమిషాల సినిమా ఒకటి. పేరు 'లక్సో జూనియర్'. 1986లో వచ్చింది. అప్పటికి పిక్సార్ కంపెనీగా మొదలై కొన్ని నెలలే అయింది. అందులో పనిచేసే జాన్ లాసెటర్ తన టేబుల్ మీది లైటును చూసి ఆ బొమ్మ తయారుచేశాడు. ఒక పెద్ద టేబుల్ లైటు, ఒక చిన్న టేబుల్ లైటు, ఒక బంతి. అంతే. కెమెరా కదలదు, వెనక ఇల్లూ గోడా ఏమీ ఉండవు. అప్పటి యంత్రాల శక్తికి, ఉన్న గడువుకు అంతకన్నా ఎక్కువ పెట్టలేకపోయారు. ఆ లేమి వల్ల మన చూపు పక్కకు పోయే దారే లేకుండా పోయింది. చిన్న లైటు ఎగిరి బంతి మీద దూకుతుంది, బంతిలో గాలి పోతుంది. అప్పుడది తల వంచుకుంటుంది చూడండి! కళ్లు లేవు, నోరు లేదు, చేతులు లేవు. వంగే ఒక ఇనుప కడ్డీ, పైన రేకు టోపీ. అయినా తప్పు చేసిన పిల్లవాడు మన ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

ఆ ఏడాది ఆగస్టులో డల్లాస్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ సభ సిగ్గ్రాఫ్‌లో దాన్ని మొదట చూపించారు. ప్రేక్షకుల్లో చాలామంది ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు. ఒక లైటు నీడ ఇంకో లైటు మీద సరిగ్గా పడటం ఆ రోజుల్లో వింత. ఆట అయిపోయాక జిమ్ బ్లిన్ అనే పేరున్న శాస్త్రవేత్త తన వైపు రావడం చూసి, నీడల లెక్క ఎట్లా కట్టారని అడుగుతాడేమోనని లాసెటర్ కంగారుపడ్డాడట. ఆయన అడిగింది వేరు. ఆ పెద్ద లైటు తల్లా, తండ్రా అని.

నేను ఈ సినిమాను మా అమ్మకు చూపించాను. అమ్మ బడికి పోలేదు, పుట్టపాకలో మగ్గం పక్కనే బతుకంతా గడిపింది. చూసి, నేనేమీ అడగకముందే, "గది తల్లే బిడ్డా. తిట్టలే, కొట్టలే, ఊకె చూసింది" అంది. డల్లాస్ సభలో ఒక శాస్త్రవేత్తకు వచ్చిన ప్రశ్నకు మా వంటింట్లో జవాబు దొరికింది. ఇద్దరికీ అది దీపమన్న సంగతే గుర్తు లేదు.

ఆలోచన కనిపించాలంటే ముందు బరువు కనిపించాలి. ఇది మన దగ్గర ఎవరికైనా తెలుస్తుంది. నిండు బిందె చంకనెత్తుకున్న మనిషి నడక ఎట్లుంటుంది? నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి రెండో పక్కకు బారుగా చాపుకుంటుంది, అడుగులు దగ్గర దగ్గరగా పడతాయి. బిందె తెరమీద కనిపించకపోయినా ఆ నడకను బట్టి నీళ్లు ఎంతున్నాయో చెప్పొచ్చు. ఫ్లోరైడ్ నీళ్ల బాధతో మైళ్లు నడిచి మంచినీళ్లు తెచ్చుకున్న ఊళ్లు మావి. మా తరం ఆడవాళ్లకు ఆ బరువు ఎవరూ పాఠంగా చెప్పక్కర్లేదు. మంచి యానిమేటర్ పట్టుకునేది అదే. చిన్న లైటు ఎగరబోయే ముందు కిందికి కుంగుతుంది. ఆ కుంగడం లేకుండా ఎగిరితే దారం కట్టి లాగినట్టుంటుంది. కుంగితే, తనంతట తాను ఎగరాలనుకుందని నమ్ముతాం.

మీ బాబును కోప్పడకండి. నాలుగోసారి చూసేటప్పుడు వాడు కథ చూడడు, పిట్ట ఎప్పుడు మనసు మార్చుకుందో చూస్తుంటాడు. కావాలంటే అడిగి చూడండి.

ప్రశ్న: అమ్మా, నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా రోజుల్లో దూరదర్శన్‌లో 'ఏక్ అనేక్' బొమ్మల చిత్రం వచ్చేది. మనిషి చేత్తో గీసిన బొమ్మలవి. ఇప్పుడు అంతా కంప్యూటర్ చేసేస్తుంది. మీట నొక్కితే వచ్చేదాన్ని కళ అని ఎట్లా అనగలం?
— ఆర్., వనపర్తి

జవాబు: సార్, నమస్కారం. ఫిల్మ్స్ డివిజన్ వాళ్లు 1974లో తీసిన ఆ చిత్రం చూసే నేనూ పెరిగాను. ఆ పిట్టలు, ఆ వల నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. మీ ప్రశ్నకు మా ఇంటి సంగతితో జవాబు చెప్పనివ్వండి.

పుట్టపాకలో మా నాన్న చీర డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీద గీసేవాడు. ఏ గడిలో ఏ రంగు, అంటే ఏ పోగు మీద ఎక్కడ రంగు పట్టాలి, ఎక్కడ పట్టకూడదు అన్నది అక్కడే తేలిపోవాలి. ఆ తర్వాత అమ్మ ఆసు పోసేది. మేకులకు నూలు చుట్టుతూ చెయ్యి ముందుకీ వెనక్కీ, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. నాలుగైదు గంటలు. సాయంత్రానికి కుడి భుజం ఎత్తలేకపోయేది, జడ నేనే వేసేదాన్ని. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఇదే నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మరి ఆసు యంత్రం మీద పోసిన చీరను యంత్రం చీర అంటామా సార్? ఏ పోగు ఎక్కడ ఎర్రబడాలో నిర్ణయించింది ఇప్పటికీ నేతగాడే. భుజం నొప్పి ఒక్కటే పోయింది.

యానిమేషన్‌లో కంప్యూటర్ చేసేది సరిగ్గా ఆసు పనే. చేత్తో గీసే రోజుల్లో కూడా పెద్ద చిత్రకారుడు ముఖ్యమైన భంగిమలు గీసేవాడు. చెయ్యి కింద ఉన్నప్పుడు ఒకటి, పైకెత్తినప్పుడు ఒకటి. మధ్యలో బొమ్మలన్నీ సహాయకులు నింపేవారు. ఆ నింపే పని ఇప్పుడు కంప్యూటర్ తీసుకుంది. అయితే అది నింపేది లెక్క ప్రకారం నింపుతుంది, సమానంగా, రైలు పట్టాల మీద బండి పోయినట్టు. మనిషి అట్లా కదలడు. ముసలాయన కుర్చీలోంచి లేవాలంటే ముందు రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించుకుంటాడు, ఒకసారి ముందుకు ఊగుతాడు, సగం లేచి ఊపిరి తీసుకుంటాడు. మా స్టూడియోలో నా పక్క సీటతను నాలుగు సెకన్ల అలాంటి షాట్ కోసం ఆరు రోజులు కూర్చున్నాడు. ఆదివారం ఊరికి పోయి వాళ్ల తాత లేవడం ఫోన్‌లో తీసుకొచ్చాడు. సోమవారం పొద్దున ఆ వీడియో చూపిస్తూ, "తాత లేచేముందు చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటాడు, నేనది మర్చిపోయిన" అన్నాడు. ఆ చూపు కలిపాక గానీ ఆ షాట్‌కు ప్రాణం రాలేదు. ఆ చూపును ఏ మీట నొక్కితే తెస్తాం సార్?

ఇంకో మాట. డిస్నీలో జీవితమంతా చేత్తో గీసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు 1981లో తమ పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు రాశారు. ఎగరబోయే ముందు కుంగడం వాటిలో ఒకటి. లాసెటర్ 1987లో ఒక పత్రం రాసి, అవే సూత్రాలు కంప్యూటర్ బొమ్మకూ వర్తిస్తాయని చూపించాడు. మీరు ప్రేమించే ఆ చేతిగీత పరంపర తెగిపోలేదు. ఇందులోకే వచ్చింది.

నా పని సంగతి కూడా చెప్పాలి. కంప్యూటర్‌లో బొమ్మలన్నీ పెట్టాక కూడా, దీపం పెట్టేదాకా అంతా చీకటే. సూర్యుణ్ణి కూడా మనమే పెట్టాలి. ఎంత ఎత్తున, ఏ రంగులో, మబ్బు ఉందా లేదా. అమ్మ ఒంటరిగా కూర్చున్న గదిలో వెలుగు తలుపు సందులోంచి రావాలా, కిటికీలోంచి రావాలా అని ఒక రోజంతా తర్జనభర్జన పడ్డ సందర్భాలున్నాయి. మా దగ్గర పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. పగలంతా లింగం మీద స్తంభం నీడ పడుతూనే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. వెలుగు ఎటునుంచి ఎంత రావాలో రాతితో లెక్కకట్టిన వాళ్లు వాళ్లు. నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లనూ మొదటి వారం అక్కడికి తీసుకుపోయి కూర్చోబెడతాను. కంప్యూటర్ తర్వాత.

ప్రశ్న: ఈ సినిమాలు ఎందుకింత పొట్టిగా ఉంటాయి? పైసలు లేకనా?
— కె., గద్వాల

జవాబు: పైసలూ కారణమే. లెక్క చూడండి. సెకనుకు 24 బొమ్మలు. మూడు నిమిషాలకు 4,320. వెలుగు నీడలన్నీ లెక్కగట్టి ఒక్కో బొమ్మను పూర్తి చేయడానికి ఒక కంప్యూటర్‌కు పది నిమిషాలు పట్టిందనుకుంటే 720 గంటలు, అంటే రాత్రీ పగలూ ఆపకుండా 30 రోజులు. అదీ ఒక్క తప్పు లేకుండా మొదటిసారే సరిగ్గా వస్తే. పెద్ద స్టూడియోల్లో ఈ పనిని చాలా యంత్రాలకు పంచుతారు. ఒంటరిగా చేసేవాళ్లు రాత్రి కంప్యూటర్ నడుస్తుండగా పడుకుని, కరెంటు పోకూడదని మొక్కుకుంటారు. నేనూ మొక్కుకున్నాను.

కానీ కొన్ని సంగతుల కొలతే అంత. సామెత పొట్టిగా ఉండేది కాగితం చాలక కాదు కదా.

ప్రశ్న: బిడ్డా, నాకు 62 ఏళ్లు. నా కొడుకు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు. మా మనవరాలు టీవీలో ఒక బొమ్మల సినిమా పెట్టింది. చైనా తల్లి ఒకామె ఆవిరి మీద ఉడికించిన పిండి ముద్దకు ప్రాణం వస్తుంది. దాన్ని కొడుకులా పెంచుతుంది. వాడు పెద్దవాడై పిల్లను తెచ్చుకుని ఇల్లు విడిచి పోతానంటే, ఆ తల్లి వాణ్ణి నోట్లో వేసుకుని మింగేస్తుంది. మనవరాలు కెవ్వుమంది. నాకు ఏడుపు ఆగలేదు. 'అమ్మమ్మా, ఎందుకట్లా తినేసింది?' అని ఇప్పటికీ అడుగుతోంది. ఏం చెప్పను?
— వి., నాగర్‌కర్నూల్

జవాబు: పెద్దమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ఆ సినిమా పేరు 'బావ్'. 2018లో వచ్చింది. తీసిన అమ్మాయి డోమీ షీ చైనాలో పుట్టి కెనడాలో టొరంటోలో పెరిగింది, వాళ్లమ్మకు ఒక్కతే కూతురు. పిక్సార్‌లో పొట్టి సినిమాకు దర్శకత్వం వహించిన మొదటి మహిళ ఆమె. పిండి ఎట్లా ఒత్తాలో, మడతలు ఎట్లా పెట్టాలో చూపించడానికి వాళ్లమ్మనే స్టూడియోకు పిలిపించింది. ఆ వేళ్ల కదలికలో అంత నిజం ఉండటానికి అదీ ఒక కారణం. ఎనిమిది నిమిషాల ఆ సినిమాకు 2019లో ఆస్కార్ ఇచ్చారు.

ఇక మీ మనవరాలి ప్రశ్న. మన మాటల్లోనే జవాబుంది పెద్దమ్మా. 'బిడ్డను కడుపులో పెట్టుకుని చూసుకున్నా' అంటాం మనం. ముద్దొచ్చే పిల్లను చూసి 'కొరుక్కు తినాలనిపిస్తోంది' అంటాం. అనేటప్పుడు ఎవరం ఉలిక్కిపడం. ఆ సినిమా ఆ మాటను మాటగా వదలకుండా చేసి చూపించింది, అంతే. బయటికి పోతే మళ్లీ దొరకడని, ఎక్కడినుంచి వచ్చాడో అక్కడే దాచుకుంది. ఆ మరుక్షణమే తను చేసిందేమిటో తెలిసి కుప్పకూలింది. నటులతో తీస్తే ఇది భయానకం. మాటల్లో రాస్తే పోలిక అనుకుని దాటేస్తాం. పిండి ముద్ద కాబట్టి మన గుండె దాకా వచ్చింది, ముద్ద తినడానికే చేస్తాం కాబట్టి.

కంప్యూటర్ యానిమేషన్ అంటే నాకు ఇంత ప్రేమ ఎందుకని ఎవరైనా అడిగితే ఆ ఒక్క దృశ్యం చాలు.

మనవరాలికి ఇట్లా చెప్పండి: 'నేను నిన్ను కొరుక్కు తింటా అంటాను కదా, ఆ అమ్మకు అంత ప్రేమ, అంత భయం ఒక్కసారే వచ్చినయి.' పిల్లలకు అర్థమవుతుంది. తర్వాత చివరి భాగం ఇద్దరూ కలిసి మళ్లీ చూడండి. పిండి ముద్ద ఎవరికి పోలికో అక్కడ తెలుస్తుంది: ఆమె నిజం కొడుకు వచ్చి మంచం మీద కూర్చుంటాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. ముందు బస్సులో పిండి ముద్ద కొడుకు వద్దన్న తినుబండారాన్నే ఇప్పుడు వీడు తల్లికి ఇస్తాడు. నములుతూ ఇద్దరూ ఏడుస్తారు. మొదటిసారి కన్నీళ్లలో మీకు అది సరిగ్గా కనిపించి ఉండదు.

ప్రశ్న: కొన్ని కంప్యూటర్ సినిమాల్లో మనుషుల ముఖాలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. జంతువులు, వస్తువులు మాత్రం ముద్దొస్తాయి. నాకేనా ఇట్లా?
— ఎం., సూర్యాపేట

జవాబు: మీకే కాదు. పొలంలో గడ్డి బొమ్మకు కుండ తల పెట్టి సున్నం బొట్లు పెడితే పిల్లలు నవ్వుతారు. అదే బట్టల షాపు ముందు చీర కట్టి నిలబెట్టిన మనిషి బొమ్మ పక్కన చీకట్లో నిలబడాలంటే పెద్దవాళ్లకూ బెదురే. మనిషికి దగ్గరగా వచ్చి, ఏదో కొంచెం తగ్గిన ముఖం మనల్ని ఇబ్బంది పెడుతుంది. జపాన్‌లో మసహిరో మోరీ అనే రోబో శాస్త్రవేత్త 1970లోనే దీన్ని వివరించి రాశాడు.

1988లో పిక్సార్ తీసిన 'టిన్ టాయ్'లో ఒక పసిబిడ్డ ఉంటుంది. కంప్యూటర్ మీద చేసిన సినిమాకు మొదటి ఆస్కార్ దానికే వచ్చింది. అందులో రేకు బొమ్మ మనసు దోచుకుంటుంది, పసిబిడ్డను చూస్తే మాత్రం దగ్గరికి తీసుకోబుద్ధి కాదు. చర్మం గట్టిగా, కదలిక బిగుసుకుపోయినట్టు ఉంటుంది. 1997లో జాన్ పింకావా 'గెరీస్ గేమ్' తీశాడు, పార్కులో తనతో తానే చదరంగం ఆడుకునే ఒక తాత కథ. చర్మం ముడతలకు, కోటు మడతలకు కొత్త పద్ధతులు వాడారు. కానీ నాకు నచ్చిన తెలివి ఇంకొకటి. ఆ తాతను అచ్చం మనిషిలా చేయాలని చూడలేదు. ముక్కు, గడ్డం పెద్దవి చేసి కార్టూన్ తాతగానే ఉంచారు. ఎత్తు వేయబోయే ముందు ఆ కళ్లు ఎట్లా నవ్వుతాయో చూడండి, జలదరింపు గుర్తే రాదు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ బీకాం రెండో సంవత్సరం. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. పాత లాప్‌టాప్ ఒకటి కొన్నాను, ర్యామ్ 8 జీబీ. నాకు యానిమేషన్ అంటే పిచ్చి. హైదరాబాద్‌లో ఒక సంస్థ వాళ్లు రెండు లక్షలు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఇంట్లో అడగాలంటే టెన్షన్‌గా ఉంది. కట్టకుండా నేర్చుకోలేనా? నా సొంతంగా చిన్న సినిమా తీయగలనా?
— బి., దేవరకొండ

జవాబు: తమ్ముడూ, ఇంకా కట్టలేదు కదా? అయితే ఆగు.

2006లో నేనూ ఇట్లాగే కట్టాను. సంస్థ పేరు రాయను. అమ్మ పుస్తెలతాడు బ్యాంకులో పెట్టి నాన్న డబ్బు తెచ్చాడు. ఆరు నెలల్లో ముగ్గురు సార్లు మారారు, ఎనిమిది మందికి మూడు కంప్యూటర్లు. వంద శాతం ఉద్యోగం అన్నవాళ్లు చివర్లో ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపారు. నేను నేర్చుకున్నదంతా తర్వాత ఒక చిన్న ఆఫీసులో జీతం లేకుండా చేసిన ఏడాదిలో నేర్చుకున్నాను. ఆ తాడు విడిపించడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ అమ్మ మెడలో పసుపుకొమ్ము కట్టుకుని తిరిగింది. నీ ఉత్తరంలో 'రెండు లక్షలు' అన్న మాట చదవగానే నాకు ఆ పసుపుకొమ్మే గుర్తొచ్చింది. మంచిగా చెప్పే చోట్లు లేవని కాదు. కానీ ఉద్యోగం గ్యారంటీ అనే మాట వినబడితే లేచి వచ్చెయ్.

నీకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం. పేరు బ్లెండర్. దాని కథ విను, ధైర్యం వస్తుంది. నెదర్లాండ్స్‌లో టోన్ రోజెండాల్ అనే ఆయన తయారుచేశాడు. కంపెనీ మూతపడ్డాక, దాన్ని అందరికీ ఉచితం చేయడానికి 2002లో జనం దగ్గర చందాలు అడిగాడు. ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగయ్యాయి. ఆ ఏడాది నుంచి ఎవరైనా వాడుకోవచ్చు. 2008లో అదే సాఫ్ట్‌వేర్‌తో 'బిగ్ బక్ బన్నీ' అనే పది నిమిషాల సినిమా తీసి, సినిమాతో పాటు దాన్ని చేసిన ఫైళ్లన్నీ కూడా ఉచితంగా ఇచ్చేశారు. కుందేలు చెవి ఎట్లా కదిలిందో నువ్వు ఆ ఫైలు తెరిచి చూసుకోవచ్చు. నాకు 2006లో అట్లాంటిది ఒక్కటి దొరికి ఉంటే! ఇక నిన్నమొన్నటి సంగతి: లాట్వియా దేశపు గింట్స్ జిల్బలోడిస్ తీసిన 'ఫ్లో' అనే పెద్ద సినిమా. పిల్లి, కుక్క, పక్షి, మాటలే లేవు. అదీ బ్లెండర్‌లోనే. 2025లో ఆస్కార్ గెలిచింది. బొమ్మను త్వరగా పూర్తిచేసే ఈవీ అనే పద్ధతి అందులోనే ఉంటుంది, ఆ సినిమాకు దాన్నే వాడారు. బరువైన సీన్లు పెట్టకపోతే నీ 8 జీబీతో మొదలుపెట్టొచ్చు.

మొదటి నెల మనుషుల జోలికి పోకు. ఒక బంతి తీసుకుని ఎగరెయ్. అదే బంతిని ఒకసారి రబ్బరు బంతిలా, ఒకసారి ఇనుప గుండులా పడెయ్. ఆకారం మార్చకూడదు, రంగు మార్చకూడదు. కదలికను బట్టే మీ అమ్మకు తేడా తెలియాలి. ఆమె చూసి 'ఇది ఇనుముది' అంటే పాసయినట్టు.

తర్వాత బస్తా. యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు ప్రపంచమంతా ఇచ్చే అభ్యాసం ఇది: ఒక పిండి బస్తా, నాలుగు మూలలు, ముఖం లేదు. దానితోనే సంతోషం, భయం, అలసట చూపించాలి. ఎక్కడెక్కడివాళ్లో బస్తా బొమ్మ చూసి నేర్చుకుంటారు. నీకు మీ నాన్న ఉన్నాడు. ఒక పొద్దున యార్డుకు పో. లారీ మీంచి బస్తా వీపు మీదికి వచ్చిన క్షణంలో మోకాళ్లు ఎంత వంగుతాయి, మొదటి అడుగు ఎందుకు పొట్టిగా పడుతుంది, దించాక నడుము మీద చెయ్యి ఎంతసేపు ఉంటుంది, అన్నీ చూసి కాగితం మీద పుల్లల బొమ్మల్లాగా గీసుకో. ఆ బరువు ఎట్లుంటుందో నాన్ననే అడుగు. నువ్వు ఈ పని ఎందుకు నేర్చుకుంటున్నావో ఆయనకు చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. టెన్షన్ కూడా తగ్గుతుంది.

సినిమా తీయగలవా అంటే, 30 సెకన్లది తియ్. 720 బొమ్మలు. కంప్యూటర్ ముట్టుకునే ముందు కథంతా కాగితం మీద గడులు కొట్టి గీసి, తెలియనివాళ్లకు చూపించు. కాగితం మీద అర్థం కానిది తెర మీద కూడా అర్థం కాదు. ఎవరి సినిమాలోనో చూసిన పాత్రను తెచ్చుకోకు. యార్డు గోదాములో రాత్రి ఒంటరిగా మిగిలిపోయిన ఒక బస్తా ఏం చేస్తుంది? నేను ఊరికే అడిగాను, నీకు ఇంతకన్నా మంచి ఆలోచనే రావచ్చు.

చదువు కావాలంటే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ డిగ్రీ ఉంది. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది. రెండింటికీ ప్రవేశ పరీక్షలుంటాయి, గీయడం వచ్చి ఉండాలి. బీకాం వదలకు, పూర్తి చెయ్. ఉద్యోగం గురించి ఒక నిజం చెబుతాను. గడువు దగ్గరపడితే రాత్రిళ్లు ఆఫీసులోనే. నెలల తరబడి చేసిన షాట్ చివరికి సినిమాలో ఉండకపోవచ్చు. నేను అవన్నీ చూశాను. అయినా నేను వెలుగు పెట్టిన ఒక చిన్న దీపం తెర మీద వెలిగినప్పుడు చీకటి హాల్లో ఎవరో చిన్నగా 'అయ్యో' అన్నారు. నాకు ఆ పదకొండేళ్లూ అందుకే చాలనిపించాయి.

బంతి ఎగిరాక నాకు పంపు. ఈ పత్రిక చిరునామాకే.

ప్రశ్న: మేడమ్, మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ప్రొజెక్టర్ ఉంది. శనివారం చివరి పీరియడ్‌లో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇలాంటి సినిమాలు చూపించాలని ఉంది. ఏవి, ఎట్లా చూపించాలి? చివర్లో ఏం నేర్చుకున్నారో రాయించమంటారా?
— ఒక ఉపాధ్యాయిని, కొల్లాపూర్

జవాబు: రాయించకండి టీచర్ గారూ, దయచేసి. 'ఈ కథలో నీతి ఏమిటి' అని అడిగారంటే వచ్చే శనివారం నుంచి పిల్లలు నీతి కోసం వెతుకుతూ పిట్టను చూడటం మానేస్తారు.

ఒక రోజుకు ఒక్కటే వేయండి. 'బిగ్ బక్ బన్నీ'ని బళ్లో చూపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తీసినవాళ్లే అట్లా ఇచ్చారు. అక్కడ మొదలుపెట్టండి. మొదటిసారి ఏమీ మాట్లాడకుండా పూర్తిగా. రెండోసారి శబ్దం తీసేసి చూపించి, ఏ చప్పుడు ఎక్కడ వచ్చిందో పిల్లలనే నోటితో చేయమనండి. తరగతి ఎగిరిపోతుంది, పక్క క్లాసు సార్‌కు ముందే చెప్పి పెట్టుకోండి. కిటికీలకు ముదురు రంగు చీరలు కట్టండి. ప్రొజెక్టర్ లోపలి స్పీకర్ సరిపోదు, చిన్నదైనా విడి స్పీకర్ తెచ్చుకోండి.

పానగల్లు బళ్లో పిల్లలకు నేను ఆ రెండు టేబుల్ లైట్ల సినిమా వేసినప్పుడు ఆరో తరగతి పాప ఒకటి చెయ్యెత్తి, "టీచర్, చిన్న లైటు నిద్రపోయేటప్పుడు దాని స్విచ్ ఎవరు తీస్తరు?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునేలోపే వెనక బెంచీ నుంచి ఒకడు "పెద్దది" అన్నాడు. కాదు, అదే తీసుకుంటుందని ఇంకొకడు. గంట కొట్టేదాకా తగువు తేలలేదు.

అందుకే సినిమా అయిపోగానే ట్యూబ్‌లైట్ వేయకండి. ఒక నిమిషం చీకట్లోనే ఉంచండి. ఎవరో ఒకరు మాట్లాడతారు.